మంచినీళ్ళు కూడా ముట్టని సర్వేయరు

2003 మార్చి నెలాఖరులో నన్ను ఏలూరుకి దిగువన, కొల్లేరు వైపున్న ఒక మండలానికి సర్వేయరుగా వేశారు. మండలం పేరూ ఊరి పేరూ రాయను. తగువు పడ్డ ఇద్దరి పిల్లలూ ఇప్పటికీ అక్కడ పక్కపక్క పొలాలే చేసుకుంటున్నారు. మళ్ళీ వాళ్ళ మధ్య మాటలు పెంచడం నాకిష్టం లేదు.

అంతకు ముందు చాలా నెలలు మెడికల్ లీవులో ఉన్నాను. లీవు ముగించి డ్యూటీలో చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ గారు ‘ఉద్యోగానికి తగును’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టారు. ఏ రకం ఉద్యోగమో ఆయన అడగలేదు. ఫ్యాను కింద ఫైళ్ళు చూసుకునే ఉద్యోగం అనుకుని ఉంటారు.

మండలానికి సర్వేయరు ఒక్కడే. పైన డిప్యూటీ ఇన్‌స్పెక్టరు, రోజువారీ పనికి ఎమ్మార్వో, కింద కొలత గొలుసు పట్టే చైన్‌మ్యాన్ ఒకడు. రైతు తన పొలం హద్దు చూపించమని పెట్టుకునే దరఖాస్తుని మేం ఎఫ్‌లైన్ పిటీషన్ అంటాం. అది రాగానే చుట్టుపక్కల రైతులందరికీ తేదీ వేసి నోటీసులివ్వాలి. ఆ తేదీకి ఎఫ్‌ఎంబీ నకలు పట్టుకుని పొలంలో దిగాలి. ప్రతి సర్వే నంబరుకీ ఒక పటం గీసి కొలతలు వేసి ఉంచే పుస్తకాన్ని ఎఫ్‌ఎంబీ అంటాం. రెండో పంట దాళ్వా కోతలయ్యి, కాలవలు కట్టేసి, నేల నెర్రెలిచ్చాక తప్ప గొలుసు లాగడం కుదరదు. అంటే మా పనంతా మంచి ఎండల్లోనే.

నాకొచ్చింది పెద్దపేగు చివర క్యాన్సర్. దాన్ని తీసేసి, మలద్వారం మూసేసి, మిగిలిన పేగు కొసని పొట్టకి ఎడమ పక్కన బయటికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారు. దానికి అదుపు ఉండదు, వచ్చేది ఎప్పుడు రావాలో అదే నిర్ణయించుకుంటుంది. దాని చుట్టూ ఒక జిగురు ప్లేటు అతికించి, ఆ ప్లేటుకి సంచి తగిలించుకోవాలి. బతికున్నన్నాళ్ళూ అంతే. ఆఫీసు గదిలో ఇదంతా సాగుతుంది. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చెట్టన్నది లేని వరి చేలో చెమటకి ప్లేటు అంచు లేస్తుంది. అంచు లేస్తే కారుతుంది, కారితే వాసన వస్తుంది. చుట్టూ పదిమంది రైతులు నిలబడి నా గొలుసు వంకే చూస్తుంటారు.

ఈ జబ్బు కంటే పరామర్శలు నన్ను ఎక్కువ విసిగించాయి. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అరడజను బత్తాయిలతో పాటు ఒక సలహా పట్టుకొచ్చారు. ఒకాయన వంకాయ ముట్టొద్దన్నాడు, ఇంకొకాయన వంకాయ తప్ప మరేదీ తినొద్దన్నాడు. మా వీధి చివరి పంతులమ్మ గారు గోంగూర పేరెత్తితేనే ప్రమాదమన్నారు. వీళ్ళలో ఎవరికీ పొట్ట మీద సంచి లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో ఒక తెల్లాయన టెన్నిస్ ఆడుతూ నవ్వుతున్నాడు. సంచి కడుక్కోవడానికి నీళ్ళు లేని ప్యాసింజరు రైల్లో గూడెం నుంచి ఏలూరు దాకా నిలబడి ఎలా రావాలో ఆయన చెప్పలేదు.

సర్జన్ గారిని ఒకసారి అడిగాను, ఇలాంటి వాళ్ళు మన వైపు ఇంకెవరైనా ఉన్నారాండీ అని. చాలామంది ఉన్నారన్నారు. ఎవరండీ అంటే, అది చెప్పకూడదండీ అన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. కానీ చాలామంది ఉండి ఒక్కరూ కనపడకపోవడం నాకు ఒళ్ళు మండించింది. కనపడకపోవడానికి కారణం కూడా తెలుసు. నేను ఆఫీసులో హెర్నియా ఆపరేషన్ అని చెప్పాను. ఆ చాలామందీ ఎక్కడెక్కడో హెర్నియా అనే చెప్పుకుంటూ ఉండి ఉంటారు.

దాచాల్సిన అవసరం నాకుంది. సర్వీసు ఇంకా చాలా ఉంది. సంగతి బయటపడితే మెడికల్ బోర్డుకి పంపుతారు, బోర్డు ఫీల్డుకి పనికిరాడని రాస్తుంది, ఏదో ఒక ఆఫీసులో పటాలకి నకళ్ళు గీసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. వేరే వాడు కొలిచి తెచ్చిన కొలతల మీద సంతకాలు పెట్టుకుంటూ రిటైరవ్వాలి. నాకు గొలుసు పని తప్ప ఇంకొకటి రాదు, ఇంకొకటి ఇష్టమూ లేదు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ఫీల్డుకి వెళ్ళే రోజు ఇల్లు వదిలింది మొదలు తిరిగొచ్చేదాకా ఏమీ తినను, తాగను. కడుపులో ఏమీ వెయ్యకపోతే సంచిలోకి ఏమీ రాదని నా లెక్క. మా చైన్‌మ్యాన్ మస్తాన్, నాకంటే పెద్దవాడు, ఇది చూసి చూసి ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

“ఉపవాసం మాకుంటాదండి, మీకెందుకండీ? మేం కూడా తెల్లారకముందే కడుపు నిండా తిని మొదలెడతామండి. మీరు అదీ లేదు.”

మొక్కు అని చెప్పాను. ఎవరికండీ మొక్కు అన్నాడు. గొలుసు సరిగ్గా పట్టుకోమని కసిరాను.

ఏప్రిల్‌లో పట్టాభి గారు ఒక ఎఫ్‌లైన్ పిటీషన్ పెట్టాడు. వరి చేను, కొల్లేరుకి దగ్గర. పక్క చేను ఆయన పెదనాన్న కొడుకు వీర్రాజు గారిది. వీర్రాజు ఏటా గట్టు చెక్కుకుంటూ తన చేలోకి వచ్చేస్తున్నాడని పట్టాభి ఫిర్యాదు. మా వైపు ఇది కొత్త కాదు. గట్టుకి ఒక పక్క పారతో చెక్కి, ఆ మట్టి రెండో పక్క వేస్తుంటే కొన్నేళ్ళకి గట్టే నడిచి వెళ్ళిపోతుంది. రెండు వైపులా చెక్కేవాళ్ళూ ఉంటారు. అప్పుడు గట్టు మీద మనిషి నడవడానికి కూడా చోటుండదు.

నోటీసులిచ్చి మొదటిసారి వెళ్ళిన రోజు పని కాలేదు. మూడు పొలాలు కలిసే చోట సర్వే రాయి ఉండాలి, కొలత దాని దగ్గర నుంచే మొదలవ్వాలి. అక్కడ రాయి లేదు. వెతగ్గా వెతగ్గా అది పక్క వీధిలో ఒకరి పశువుల పాకలో కుడితి గోలెం కింద దొరికింది. ఎప్పుడు తెచ్చుకున్నారండీ అంటే, మా నాన్నగారి హయాం నుంచీ ఇక్కడే ఉందండీ అని గర్వంగా చెప్పారు. ఇక దూరపు రాయి ఇంకొకటి పట్టుకుని, అక్కణ్ణుంచి లెక్కేసుకుంటూ రావాలి. ఇంకో తేదీ వేశాను.

అసలు గొడవ ఆ రోజే మొదలైంది. మా జిల్లాలో సర్వేయరు ఊళ్ళోకొస్తే చుట్టమొచ్చినట్టే. కుర్చీ వేస్తారు, బొండం కొడతారు, మజ్జిగ తెస్తారు. తాగకపోతే ఊరుకోరు. దీనికి మాలో పాతవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిటీషనరు ఇంట్లో మజ్జిగ తాగితే ఎదటి పార్టీ ఇంట్లో కాఫీ తాగాలి, ఒకచోట కూర్చుంటే రెండో చోటా కూర్చోవాలి. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు. రెండు చోట్లా మంచినీళ్ళు కూడా ముట్టని సర్వేయర్ని ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

పట్టాభి చేతులు పట్టుకున్నంత పని చేశాడు. “ఏవండీ, కాస్త మజ్జిగండీ, ఉప్పేసి పల్చగా చేయించానండీ. అది కూడా వద్దంటే మాకెంత చిన్నతనమండీ!” వద్దన్నాను. వీర్రాజు భార్య మాణిక్యం గారు గట్టు దాకా బొండం పంపింది. అదీ వద్దన్నాను. వీర్రాజు మాత్రం బలవంతపెట్టలేదు. నిలువెత్తు మనిషి, ఎండకి నల్లగా కాలిపోయి ఉన్నాడు. లుంగీ బొడ్డుకి బాగా పైన, దాదాపు రొమ్ముల దగ్గర కట్టుకున్నాడు. అదేం కట్టుడో అనుకున్నాను తప్ప అంతకు మించి ఆలోచించలేదు.

తిరిగి వస్తుంటే పట్టాభి బస్సు దాకా వచ్చి, నేను అడక్కపోయినా తగువు మూలం చెప్పాడు. కిందటేడు ఆయన కూతురి పెళ్ళికి వీర్రాజు వచ్చాడట, అక్షింతలేశాడట, విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళిపోయాడట. “సొంత అన్నయ్య లాంటివాడండి. పిల్ల పెళ్ళిలో ఎంగిలి పడకుండా పోయాడండి. ఎంత పొగరండీ! ఆ రోజు నుంచీ మాటల్లేవండి.” గట్టు ఎప్పట్నుంచో నడుస్తోందని ఆయనకి తెలుసు. విస్తరి దగ్గర కూర్చోకపోవడం వల్ల పిటీషన్ వచ్చింది.

వారం తిరక్కుండా ఎమ్మార్వో గారు నన్ను పిలిచారు. ఆవిడ వయసులో చిన్న, గొంతు పెంచరు, కాగితం చదవకుండా సంతకం పెట్టరు. బల్ల మీద రెండు అర్జీలున్నాయి. ఒకటి పట్టాభిది. సర్వేయరు మా ఇంట్లో గుక్కెడు మజ్జిగ కూడా తాగలేదు కాబట్టి వీర్రాజుకి అమ్ముడుపోయాడు అని. రెండోది వీర్రాజుది. సర్వేయరు మేం పంపిన బొండం తిప్పి పంపాడు కాబట్టి పట్టాభికి అమ్ముడుపోయాడు అని. ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూసుకోని అన్నదమ్ములు ఆ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికొచ్చారు.

“రెండు వైపులా అమ్ముడుపోయిన సర్వేయర్ని చూడటం నాకిదే మొదలండీ” అన్నారావిడ. నవ్వకుండానే అన్నారు. ఎందుకు ఏమీ ముట్టరని అడిగారు. కడుపు బాగుండదండీ అన్నాను. ఆవిడ రెండో కొలతకి తనూ వస్తానన్నారు. ఈ అర్జీలు నిలబడితే ఫీల్డు పని మీకివ్వడం కష్టమండీ, పైవాళ్ళకి రాయాల్సి ఉంటుంది అని కూడా చెప్పారు.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. ఆవిడ ఏం చేసిందని? ఏమీ చెయ్యలేదు, అన్నం పెట్టింది. నిజం చెబితే జబ్బు కింద ఫీల్డు పోతుంది, చెప్పకపోతే లంచం కింద పోతుంది. ఇరవై ఏళ్ళ పైన సర్వీసులో ఒక్క పార్టీ దగ్గర ఒక్క పైసా ముట్టనివాణ్ణి, మజ్జిగ ముట్టనందుకు లంచగొండినయ్యాను. తల ప్రాణం తోకకొచ్చింది.

రెండో కొలత రోజు ఎమ్మార్వో గారి జీపు ముందే వచ్చి ఉంది. ఊరు ఊరంతా గట్ల మీద ఉంది. దూరపు రాయి దగ్గర నుంచి మొదలుపెట్టాను. రెండు రాళ్ళని కలిపే గీత మీద గొలుసు పరిచి, ఆ గీత నుంచి గట్టు మలుపు దగ్గరికి నిలువుగా ఎంత దూరమో చూడాలి. ఆ నిలువు తప్పకుండా చూసుకోవడానికి నాలుగు చీలికలున్న కర్ర ఉంటుంది, క్రాస్ స్టాఫ్ అంటాం. దాంట్లోంచి చూస్తుంటే చెమట కళ్ళలో పడుతోంది. పొద్దున్నుంచీ ఖాళీ కడుపు. నా లెక్క తప్పని అప్పటికే తెలుసు నాకు. ఖాళీ పేగు ఊరుకోదు, గాలి పోసుకుని సంచిని ఉబ్బిస్తుంది. తెలిసినా వేరే దారి తోచక అదే లెక్క పట్టుకు వేలాడాను.

రెండు చేల మధ్య, గట్టు పక్కనే, బోదె అనే చిన్న నీటి కాలవ ఉంది, అడుగున ఇంకా బురద ఉంది. గొలుసు దాటించాలి. ఎవరైనా బోదె దూకేటప్పుడు రెండు చేతులూ చాస్తారు, పడకుండా. నేను కుడి చెయ్యి చాచి ఎడమ చెయ్యి పొట్ట పక్కన అదుముకుని దూకాను. దూకి తలెత్తాను. గొలుసు అవతల కొస చూసుకోవడానికి వీర్రాజు అదే బోదెని కొంచెం ఎగువన దూకుతున్నాడు. ఆయన ఎడమ చెయ్యి కూడా పొట్ట పక్కనే ఉంది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. రొమ్ముల దాకా ఎగ్గట్టిన ఆ లుంగీ ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నా మొహంలో ఆయనకేం కనపడిందో గానీ, ఆయన కళ్ళు తిప్పుకోలేదు.

అదే నిమిషంలో నా ప్లేటు అంచు లేచింది. ఆ తడి తెలిసిన వాళ్ళకి తెలుస్తుంది, చూడక్కర్లేదు. మస్తాన్ చేతికి క్రాస్ స్టాఫ్ ఇచ్చి, గొలుసు కదపొద్దని చెప్పి, దగ్గర్లో ఉన్న మోటారు షెడ్డులోకి నడిచాను. అది వీర్రాజు షెడ్డు. తగువులో ఉన్న పార్టీ షెడ్డులోకి, కొలత మధ్యలో, ఎమ్మార్వో చూస్తుండగా సర్వేయరు వెళ్ళకూడదు. ఆ నిమిషంలో మోటారు షెడ్డు గాక యమలోకమైనా వెళ్ళేవాణ్ణి.

నేను చొక్కా ఎత్తి చూసుకుంటుంటే గుమ్మంలో వీర్రాజు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, గుమ్మానికి అడ్డంగా, బయటివాళ్ళకి లోపలేముందో కనపడకుండా. అటు తిరిగే అడిగాడు.

“ఎన్నాళ్ళయిందండీ?”

“కిందటి వానాకాలం.”

“నాకు రెండేళ్ళు దాటిందండి. మీదీ ఎడమేనా అండీ?”

“ఎడమే.”

“పొద్దున్న ఏవైనా తిన్నారాండీ?”

లేదన్నాను. “నేనూ లేదండీ” అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను లోకమంతా వెతికిన మనిషి ఇక్కడ రెండేళ్ళుగా లుంగీ ఎగ్గట్టుకుని తిరుగుతున్నాడు. వెతికి పట్టుకోకపోగా ఆయన నా మీద అర్జీ పెట్టే దాకా వచ్చింది. పైగా ఇద్దరం ఒకే తెలివితక్కువ పని చేస్తున్నాం, కడుపులు మాడ్చుకుంటున్నాం.

నా చేతిసంచిలో వేరే ప్లేటు లేదు. పొద్దున రైల్లోనే ఒకటి మార్చాను. వీర్రాజు మోటారు వెనక్కి చెయ్యి పెట్టి ఒక టిఫిన్ క్యారేజీ తీశాడు. పై గిన్నెలో ఏదో ఊరగాయ, కింది గిన్నెలో మడిచిన గుడ్డ, దాన్లో ఒక కొత్త ప్లేటు, సంచి, కత్తెర. చేలో అవసరమైతే అని దాచుకున్నది. “పెట్టుకోండి” అన్నాడు. ఎదటి పార్టీ దగ్గర మంచినీళ్ళు కూడా పుచ్చుకోని సర్వేయర్ని, రాయి పాతకముందే దాన్ని పుచ్చుకున్నాను. నా సర్వీసు మొత్తంలో కొలత మధ్యలో ఒక పార్టీ దగ్గర తీసుకున్న వస్తువు ఇది ఒక్కటే.

కత్తిరించి, తుడిచి, అతికించుకుని బయటికొచ్చేసరికి గట్టు మీద పట్టాభి గొంతు వినిపిస్తోంది. “చూశారాండీ మేడమ్ గారండీ? నేను రాసింది అబద్ధమాండీ? కొలత మధ్యలో ఇద్దరూ షెడ్డులో దూరారండీ. లోపల ఏం పుచ్చుకున్నారో అడగండీ!”

నిజంగానే పుచ్చుకున్నాను. ఎమ్మార్వో గారు నా వంక చూస్తున్నారు. ఊరంతా చూస్తోంది. నేను నోరు తెరిచేలోగా వీర్రాజు ముందుకొచ్చాడు. బనీను పైకెత్తి, లుంగీ కొంచెం దించి, ఎడమ పక్కనున్న సంచి అందరికీ కనపడేట్టు నిలబడ్డాడు.

“ఇదండీ సంగతి. నాకు పేగు కోసేసి సంచి పెట్టారండీ. ఇందాక అది ఊడిందండీ. సర్వేయరు గారు సాయమొచ్చారండీ. అంతేనండీ.”

పట్టాభి మెల్లగా, “పెళ్ళప్పుడు కూడానా?” అన్నాడు.

“ఆయ్. అందుకేరా కూర్చోలేదు. పంక్తి మధ్యలో అది చప్పుడు చేస్తే నీ వియ్యాలవారు ఏమనుకుంటారు?”

ఇప్పుడు నేను ఊరుకుంటే సరిపోతుంది. నా సంగతి ఎవరికీ తెలియదు, లంచం మాట కొట్టుకుపోయింది, ఫీల్డు నిలబడింది. కానీ ఎదటి పార్టీ నా కోసం ఊరందరి ముందూ అబద్ధమాడాడు. ఆ అబద్ధం మీద నిలబడి, అతని పొలానికి నేను హద్దు చూపించాలి. ఎటు చూపించినా ఆ కొలత చెల్లదు. రూలు పుస్తకంలో ఇది లేదు గానీ, ఉండాల్సినది.

“ఊడింది ఆయనది కాదండీ, నాది” అన్నాను ఎమ్మార్వో గారితో. “నాకూ ఉంది. వేరే ప్లేటు లేకపోతే ఆయనది ఇచ్చారు. ఫీల్డు రోజున నేనేమీ ముట్టనిది ఇందుకే. రాసుకోండి.”

చొక్కా ఎత్తలేదు. అక్కర్లేకపోయింది. మస్తాన్ మాత్రం గొలుసు కొస పట్టుకుని నిలబడ్డ చోటునుంచే, “మొక్కన్నారు కదండీ” అన్నాడు, బాధగా.

ఎమ్మార్వో గారు ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. “కొలత పూర్తి చెయ్యండి” అన్నారు. అంతే.

పూర్తి చేశాను. రెండుసార్లు సరిచూశాను, మూడోసారి మస్తాన్ చేత గొలుసు తిప్పి పట్టించి చూశాను. పట్టాభి చెప్పింది నిజం. గట్టు అతని చేలోకి, ఒక చివర మూరెడు, ఇంకో చివర బారెడు జరిగి ఉంది. వీర్రాజు ముందే రాయి పాతించాను. పంచనామా మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. వీర్రాజు పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు. బారెడు పొలం పోయిన రైతు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. పట్టాభి కూడా పొలం వద్దనలేదు. పొలమూ తీసుకున్నాడు, పైగా అన్నతో, “ముందే చెప్తే వేరే గదిలో విస్తరి వేయించేవాణ్ణి కదా” అని దెప్పాడు. నేనేం చెయ్యను ఇలాంటి మనుషులతో!

జీపు వెళ్ళిపోయింది. గొలుసు చుట్టిస్తున్నాను. వీర్రాజు ఇంటి వైపు పోతూ పోతూ ఆగాడు.

“రాయి పాతేశారు కదండీ” అన్నాడు కటువుగా. “ఇప్పుడైనా మజ్జిగ తాగుతారా, ఇంకా రూలుందా?”

వెళ్ళాను. మాణిక్యం గారు రెండు గ్లాసులు పెట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, పొట్టల మీద చేతులు పెట్టుకుని తాగాం. ఏమీ కాలేదు. తర్వాత ఆవిడ అన్నం వడ్డిస్తే అదీ తిన్నాం. కాసేపటికి ఆయన సంచి చప్పుడు చేసింది, తర్వాత నాది చేసింది. మాణిక్యం గారు కూర మారు వేసింది. రెండేళ్ళలో ఆయన ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తినడం అదే మొదలని ఆవిడ చెప్పింది. బయట అరుగు మీద మస్తాన్ కూడా తింటున్నాడు, ఇంకా నా మీద అలిగే.

భోజనం అయ్యాక ఆయన సంచి చూశాను. నాకింకా కోపం వచ్చింది. మొలతాడు సరిగ్గా ప్లేటు అంచు మీంచి పోతోంది. వంగినప్పుడల్లా అంచు లేపుతోంది, చుట్టూ చర్మం పుండయిపోయింది. మొలతాడు తీసెయ్యమన్నాను. “బతికున్న మనిషికి మొలతాడు తీస్తారాండీ! మా అమ్మ వింటే చస్తుందండీ” అన్నాడు. తీయొద్దు, జారేట్టు తుంటి కిందికి కట్టుకోండి, అక్కడా మొలతాడే అన్నాను. చాలాసేపు వాదించాడు. పొలం కొలత మీద అంత వాదించలేదు. ఆఖరికి మాణిక్యం గారే దాన్ని విప్పి కిందికి కట్టింది.

తర్వాత వారం ఎమ్మార్వో గారు పిలిచి, బల్ల పని కావాలా అని అడిగారు. వద్దన్నాను. అయితే ఫీల్డు రోజున తిని వెళ్ళండీ అన్నారు. మెడికల్ బోర్డు మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరి అర్జీలకీ ‘విచారించడమైనది, నిజం కాదు’ అని రాసి మూసేశారు. రిటైరయ్యే దాకా నేను ఫీల్డులోనే ఉన్నాను.

వీర్రాజు ప్లేటు ఆయనకి తిరిగి ఇవ్వాలి కదా. అలాంటిదే ఒకటి తీసుకుని వెళ్ళాను. ఆ రోజే ఇద్దరం ఏలూరు వెళ్ళి సర్జన్ గారి దగ్గర కూర్చున్నాం. మీరు ఎవరి పేరూ చెప్పకూడదు సరే, మా ఇద్దరి పేర్లూ ఎవరడిగినా చెప్పండి అన్నాం. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. గూడెంలో మా ఇంట్లో నెలకోసారి కలిసేవాళ్ళం. పెంటపాడు నుంచి ఒక టీచరు గారు వచ్చేవారు, మొదట్లో మా ఆవిడతో తప్ప ఎవరితోనూ మాట్లాడేవారు కారు. చింతలపూడి నుంచి ఒకాయన బస్సులు మారి వచ్చేవాడు. పెద్ద విషయాలేవీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. సగం సేపు గోంగూర తినొచ్చా లేదా అనే వాదనే. తిన్నవాళ్ళూ ఉన్నారు, తినలేనివాళ్ళూ ఉన్నారు, ఎవరూ ఎవరి మాటా వినలేదు. విసుగొచ్చేది. అయినా ఒక్క నెలా మానలేదు. అన్నదమ్ములు మాత్రం పూర్తిగా కలవలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళి భోంచేసేవారు, గట్టు దగ్గర మాట్లాడుకునేవారు కారు.

కొత్తగా చేరిన సర్వేయర్లు అడిగితే ఆ తర్వాత నేను రెండు ముక్కలు చెప్పేవాణ్ణి. రాయి పాతేదాకా పార్టీ దగ్గర ఏదీ పుచ్చుకోవద్దు, పుచ్చుకోక తప్పకపోతే ఏం పుచ్చుకున్నారో అందరి ముందూ అక్కడే చెప్పెయ్యండి. మీరు చెప్పని కారణం స్థానంలో ఊరు తనకి తోచినది పెట్టుకుంటుంది, దాన్ని కొలిచి తప్పని చూపించడానికి మన దగ్గర గొలుసు లేదు. ఫీల్డు రోజున పొద్దున్నే అన్నం తిని బయల్దేరండి.